ఎఱ్ఱ హృదయమును అల్లిన చేతులు



ఫిబ్రవరి నెల వచ్చినదనిన మన పట్టణములలోని దుకాణముల ముందు ఎఱ్ఱని హృదయములు వ్రేలాడుచుండును. కాగితముతో చేసినవి కొన్ని, గుడ్డతో కుట్టినవి కొన్ని, ఊలుతోను నూలుతోను అల్లినవి కొన్ని. ఆ నెల 14వ తేదీని ప్రేమికుల దినమని పిలుచుచున్నారు. మన పల్లెలలోని యౌవనస్థులకును అది తెలియని సంగతి కాదు. కొన్ని యేండ్ల క్రిందట, ఆ దినమునకు ముందటి ఆదివారమున, నేను ప్రసంగపీఠము మీద నిలువబడి, ఇవన్నియు వ్యర్థమైన అలంకారములనియు, వీటికొరకు ఒక్క రూపాయి ఖర్చు చేయుటయు తప్పే అనియు గట్టిగా చెప్పితిని. పెద్దలు తలలూపిరి. పిల్లలు తలలు వంచుకొనిరి. నా ప్రసంగము బాగుగా కుదిరినదని నేను తృప్తిపడితిని.

ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధ విధవరాలు నా యొద్దకు వచ్చెను. ఆమె గోదావరి డెల్టాలో పుట్టినది. నలువది యేండ్లుగా లేసు అల్లుచున్నది. కొంగు ముడి విప్పి, అరచేతిలో ఇమిడెడి ఒక చిన్న ఎఱ్ఱని లేసు హృదయమును నాకు చూపి, “అయ్యగారూ, ఏజెంటు ఈసారి ఇలాంటివి రెండు వందలు అల్లి ఇమ్మన్నాడండి. పై దేశాలకు పోతాయంట. మరి ఇవి అల్లడం తప్పాండి, కొనుక్కోవడం తప్పాండి?” అని అడిగెను.

నాకు జవాబు తోచలేదు. “ఆలోచించి చెబుతాను మామ్మగారూ” అని మాత్రమంటిని. ఆమె వెళ్లిపోయెను గాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దాని జవాబు వెదకుచు నేను చదివి తెలిసికొన్న సంగతులను ఈ దినమున మీ ముందుంచుచున్నాను. మీరును నాతోకూడ ఆలోచించుడి.

మొట్టమొదట ఈ దినము ఎక్కడనుండి వచ్చెనో చూతము. వాలెంటైను అనునది ఒక హతసాక్షి పేరు. క్రీస్తు శకము 3వ శతాబ్దమున రోము దేశములో విశ్వాసము నిమిత్తము ప్రాణము విడిచినవారిలో ఆ పేరుగలవాడు జ్ఞాపకము చేసికొనబడెను. ఫిబ్రవరి 14 ఆయన జ్ఞాపకార్థ దినమాయెను. ఆయన సైనికులకు రహస్యముగా పెండ్లిండ్లు చేసెనని చెప్పు కథ చాల కాలము తరువాత పుట్టినది. పాత సాక్ష్యములలో అది కనబడదు. 1969లో రోమను కథోలిక సంఘము తన సర్వసాధారణ పంచాంగమునుండి ఈ పండుగను తీసివేసెను. అయినను హతసాక్షుల జాబితాలో ఆయన పేరు నేటికిని ఉన్నది.

మరి స్త్రీ పురుషుల ప్రేమ ఈ దినముతో ఎట్లు ముడిపడెను? 1380వ దశకములో ఇంగ్లాండు దేశపు కవియైన జెఫ్రీ చాసరు, ఈ దినమున పక్షులన్నియు కూడి తమ తమ జతలను ఏర్పరచుకొనునని ఒక కావ్యములో వర్ణించెను. ఈ దినమును ప్రేమతో ముడిపెట్టిన మిక్కిలి పాత రచనలలో అది యొకటి. హతసాక్షి దినము ఆ విధముగా ప్రేమికుల దినమగుటకు మొదలిడెను.

ఆ తరువాత సుమారు నూరు సంవత్సరములకు, 1477 ఫిబ్రవరి నెలలో, నార్ఫోకు అను ప్రాంతమున మార్జరీ బ్రూసు అను కన్యక తాను పెండ్లియాడగోరిన జాన్ పాస్టను అనువానికి ఒక ఉత్తరము పంపెను. అతనిని తన వాలెంటైను అని పిలిచెను. ఆంగ్ల భాషలో అట్టి ఉత్తరములలో మనకు దొరికిన మిక్కిలి పాతది ఇదియే అందురు. అందులో ఏమున్నదో యెరుగుదురా? కట్నము తగవు! వరుని పక్షమువారు ఎక్కువ అడుగుచున్నారు. కన్యక తండ్రి అంతకంటె ఇయ్యనని పట్టుబట్టెను. తల్లి ఎంత బ్రతిమాలినను ఆయన మనస్సు కరగలేదు. అప్పుడా చిన్నది, నీవు నన్ను నిజముగా ప్రేమించుచున్నయెడల ఈ కొదువనుబట్టి నన్ను విడిచిపెట్టవు అను భావముతో వ్రాసి పంపెను. వారి వివాహము జరిగెను. ఆ ఉత్తరము నేటికిని లండనులోని బ్రిటిషు లైబ్రరీలో భద్రముగానున్నది. దాని మీద లేసు లేదు, రంగు లేదు, పువ్వు లేదు. ఒక ఆడుబిడ్డ యొక్క హృదయము మాత్రమున్నది. ప్రేమికుల దినమును గూర్చి పిల్లలను గద్దించు మనము, కట్నము బేరములాడునప్పుడు ఈ ఉత్తరమును జ్ఞాపకము చేసికొందుమా?

ఇక అల్లికను గూర్చి చెప్పెదను. ఇంగ్లాండు దేశపు ఉత్తర భాగమున యార్కుషైరు లోయలు కలవు. అది కొండల సీమ, చలి దేశము. గొఱ్ఱెలు విస్తారము, పంట పొలములు స్వల్పము. అక్కడివారికి ఊలు అల్లిక జీవనాధారముగా నుండెను. స్త్రీలే గాక పురుషులును పిల్లలును మేజోళ్లు అల్లెడివారు. పశువులను తోలుకొని పోవుచు అల్లుదురు, సంతకు నడచుచు అల్లుదురు. రాత్రులయందు నలుగురైదుగురు ఇరుగుపొరుగు కుటుంబములు ఒక్క ఇంట చేరి, ఒక్క పొయ్యి వెలుగున, కథలు చెప్పుకొనుచు పాటలు పాడుకొనుచు అల్లుదురు. 1838లో విలియం హోవిట్టు అను రచయిత తన గ్రంథములో ఈ సంగతిని వర్ణించెను. అక్కడి డెంటు అను గ్రామమువారికి భయంకరులైన అల్లికగాండ్రని పేరు. భయంకరులనగా అంత వేగముగా అల్లువారని భావము.

నడుచుచు అల్లుట ఎట్లనగా, వారు నడుము పట్టీలో ఒక చిన్న కఱ్ఱ ముక్కను దోపుకొందురు. దాని కొనను ఒక రంధ్రముండును. ఒక సూది మొన అందులో నిలుచును గనుక కుడిచేతికి భారము తగ్గి, వేళ్లు త్వరగా ఆడును. పెండ్లియాడగోరు యౌవనుడు తన ప్రియురాలి కొరకు ఆ కఱ్ఱను తన చేతితోనే చెక్కి ఇచ్చెడివాడు. దానిమీద హృదయపు గుర్తును, ఆమె పేరులోని మొదటి అక్షరములను, సంవత్సరమును చెక్కును. కొందరు ఒకే కఱ్ఱనుండి అతుకు లేకుండ గొలుసు లంకెలను చెక్కి వ్రేలాడదీయుదురు. అట్టివి నేటికిని అక్కడి వస్తు ప్రదర్శనశాలలలో కనబడును. చూడుడి, అది అలంకారమే గాని ఊరక గోడకు వ్రేలాడు అలంకారము కాదు. జీవితాంతము ఆమె నడుముననుండి, ఆమె పనిని తేలిక చేయు అలంకారము. “నీ కష్టములో నాకు పాలున్నది” అని నోట చెప్పలేని పల్లెటూరి చిన్నవాడు కఱ్ఱతో చెప్పిన మాట అది.

అయితే ఆ లోయలలో అంతయు పాటలును ప్రేమయునే అని తలంపకుడి. రాబర్టు సౌదీ అను కవి తన గ్రంథములో ఒక నిజమైన వృత్తాంతమును చేర్చెను. ఇద్దరు చిన్న అక్కచెల్లెండ్రను అల్లిక నేర్చుకొనుటకు డెంటుకు పంపిరి. ప్రొద్దున లేచినది మొదలు రాత్రి వరకు అల్లికయే. వారికి తల్లి మీద బెంగ పుట్టెను. తుదకు ఆ పసిపిల్లలిద్దరును చలికాలమున కొండల మీదుగా కాలినడకను ఇంటికి పారిపోయిరి. మేజోళ్లు కొనినవారికి ఆ పిల్లల కన్నీళ్లు కనబడియుండునా?

కాలము మారెను. 1840లో ఇంగ్లాండు దేశమున ఒక్క పెన్నీకే ఎంత దూరమునకైనను ఉత్తరము పంపు ఏర్పాటు వచ్చెను. పేదవారును ఉత్తరములు పంపుకొనగలిగిరి. అంతకుముందు ప్రేమ కానుకలను ఎవరి కాగితము వారే మడిచి, కత్తిరించి, సూదితో రంధ్రములు పొడిచి చేసికొనుచుండిరి. ఇప్పుడు కాగితమును అచ్చులతో నొక్కి లేసువలె చేయు యంత్రములు వచ్చెను. లేసు కాగితము దుకాణములలో అమ్మకమునకు వచ్చెను.

ఆ దినములలో అమెరికా దేశపు మసాచుసెట్సు రాష్ట్రమున, వూస్టరు అను పట్టణమున ఎస్తరు హౌలండు అను యువతి యుండెను. 1828లో పుట్టిన ఈమె 1847లో మౌంటు హోలియోకు స్త్రీల విద్యాలయమున చదువు ముగించెను. తండ్రి పుస్తకముల వర్తకుడు. ఇంగ్లాండునుండి వచ్చిన ఒక లేసు కాగితపు కానుకను చూచి, ఇంతకంటె బాగుగా నేనే చేయగలనని ఆమె తలంచెను. తండ్రిచేత లేసు కాగితమును, రంగు పువ్వుల బొమ్మలను తెప్పించి కొన్ని మాదిరులు చేసి, వర్తకమునకు పోవుచున్న తన సహోదరునికి ఇచ్చెను. రెండు వందల డాలర్ల బేరము వచ్చిన చాలుననుకొనిన ఆమెకు అతడు ఐదు వేల డాలర్లకు మించిన బేరములు తెచ్చెనని చెప్పుదురు. అప్పుడామె తన స్నేహితురాండ్రను ఇంటికి పిలిచి బల్ల చుట్టు కూర్చుండబెట్టెను. ఒకతె బొమ్మలు కత్తిరించును, ఒకతె అడుగు కాగితమును సిద్ధపరచును, ఒకతె లేసు అంటించును. ఈ విధముగా చేతినుండి చేతికి పని జరిగెను. ఆ ఇల్లే కార్ఖానా ఆయెను. సుమారు 1880లో తండ్రి వ్యాధిగ్రస్తుడు కాగా, ఆయన పరిచర్య నిమిత్తము ఆమె తన వ్యాపారమును జార్జి విట్నీ అనువానికి అమ్మివేసెను. వేలమంది ప్రేమికులకు కానుకలు చేసి పంపిన ఎస్తరు హౌలండు తాను మాత్రము వివాహము లేకయే జీవించి 1904లో కన్ను మూసెను.

ఇక్కడ ఒక మార్పును గమనించుడి. యార్కుషైరు చిన్నవాడు తన ప్రియురాలి కొరకు తానే చెక్కెను. వూస్టరులో ఎవరో యెరుగని స్త్రీలు ఎవరో యెరుగని ప్రేమికుల కొరకు చేసిరి. ప్రేమించువాని చేయి వేరు, పనిచేయు చేయి వేరు ఆయెను. కొనుట తప్పని నేననను. అయితే ఆ రెండు చేతుల మధ్య దూరము పెరిగినకొలది పనిచేయు చేయి కంటికి మరుగగును.

ఆ దూరము సముద్రములు దాటి మన గోదావరి తీరము వరకును వచ్చెను. 19వ శతాబ్దములో మిషనెరీ దొరసానులు ఈ ప్రాంతపు స్త్రీలకు కొక్కెపు సూదితో నూలు లేసు అల్లుట నేర్పిరి. మొదట పేద క్రైస్తవ స్త్రీలు నేర్చుకొనిరి. తరువాత గడప దాటి కూలికి పోని ఇండ్లవారును పట్టుకొనిరి. నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములు లేసుకు పేరుగాంచెను. దొరసానులు ఏ దేశములనుండి ఆ విద్య తెచ్చిరో, ఆ దేశములకే మన స్త్రీల పని సరకుగా పోయెను. ఏజెంటు నూలు తెచ్చి ఇచ్చును; ఒకామె పువ్వులు అల్లును, మరియొకామె వాటిని కలిపి అతుకుపని చేయును; ఏజెంటు లెక్కించి తీసికొని పోవును. వూస్టరులోని బల్ల చుట్టు జరిగిన విధమే ఇక్కడ ఇండ్ల అరుగుల మీద జరిగినది.

1982లో మరియా మీస్ అను జర్మనీ దేశపు సమాజశాస్త్ర పండితురాలు నర్సాపురము లేసు స్త్రీలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఈ స్త్రీలు వంటయు ఇంటి చాకిరియు గాక దినమునకు ఆరు ఎనిమిది గంటలు లేసు అల్లుచున్నను, వారిని పనివారుగా ఎవరును లెక్కింపలేదని ఆమె చూపెను. “ఇంట్లో ఊరికే కూర్చునే ఆడవాళ్లు, తీరిక వేళ అల్లుకుంటారు” అని వర్తకులు చెప్పెడివారు. ఆ మాట చాటున, పొలము కూలికి ప్రభుత్వము విధించిన కనీసపు కూలికంటెను తక్కువ వారికి ముట్టుచుండెను. 2024లో నర్సాపురము లేసుకు భౌగోళిక గుర్తింపు దొరకినది. సంతోషమే. గుర్తింపు లేసుకు వచ్చినది. అల్లిన చేతికి ఇంకను రావలసియున్నది.

నేను ఇతరులను నిందించుటకు ఈ మాట వ్రాయుటలేదు. నా తల్లియు లేసు అల్లినది. బడినుండి వచ్చి, అరుగు మీద తల వంచుకొని అల్లుచున్న ఆమెతో, “ఊరికే కూర్చున్నావు కదమ్మా, కాసిని మంచినీళ్లు ఇయ్యి” అనెడివాడను. ఆమె సూదిని నూలు ఉండలో గ్రుచ్చి, లేచి, నీళ్లు తెచ్చి యిచ్చెడిది. నా పరీక్ష రుసుమును, నేను వేదాంత విద్యాలయమునకు పోవునప్పుడు చేతబట్టిన రేకు పెట్టెయు ఆ ‘ఊరికే కూర్చున్న’ చేతులనుండి వచ్చినవే. ఆ సంగతి నాకు తెలియకపోలేదు. అయినను ప్రసంగపీఠము మీద నిలువబడినప్పుడు మరచితిని.

ఇప్పుడు మరియొక సంగతి వినుడి. 2020లో కరోనా తెగులు లోకమంతట వ్యాపించినప్పుడు, బ్రిటను దేశపు ఆసుపత్రులలో రోగుల యొద్దకు భార్యనైనను బిడ్డనైనను రానియ్యకుండిరి. చేయి పట్టుకొనువారు లేక అనేకులు కన్ను మూసిరి. ఆ సమయమున అక్కడి నర్సులు అల్లిక తెలిసినవారిని ఒక సహాయము కోరిరి. ఒకే ఊలుతో, ఒకే కొలతతో రెండేసి చిన్న హృదయములు అల్లి పంపుడనిరి. ఒకటి రోగి చేతిలో ఉంచుదురు. దాని జతను ఇంటివారికి పంపుదురు. చేతిలో చేయి లేకపోయినను, ఇక్కడ ఒకటి అక్కడ ఒకటి ఉండును. ఇంట బందీలైయున్న ఎందరో స్త్రీలు, వృద్ధులు, పిల్లలు తమ యొద్ద మిగిలిన ఊలు ముక్కలతో అల్లి పంపిరి. ఎవరి కొరకు అల్లుచున్నారో వారెరుగరు; అయినను అల్లిరి. నేను వ్యర్థమైన అలంకారమని పీఠము మీద చెప్పినది ఇదే ఎఱ్ఱ హృదయము సుమా!

అట్టి హృదయమును అల్లుట కష్టము కాదు. మన స్త్రీల కూటములలో స్వెట్టరు అల్లు సోదరీమణులున్నయెడల చిన్నపిల్లలకు నేర్పవచ్చును. సూది మీద రెండే కుట్లతో మొదలుపెట్టుడి. అది హృదయపు క్రింది మొన. వరుస విడిచి వరుసకు రెండు కొనలను ఒక్కొక్క కుట్టు పెంచుడి. ఇరువది కుట్లు కాగానే సమముగా పది పదిగా విడదీయుడి. ఒక్కొక్క సగమును వేరుగా అల్లుచు, వరుస విడిచి వరుసకు రెండు కొనలను ఒక్కొక్క కుట్టు తగ్గించుడి. నాలుగు కుట్లు మిగిలినప్పుడు ముగించుడి. ఇట్టి ముక్కలు రెండు చేసి, అంచులు కలిపి కుట్టి, లోపల కొంచెము దూది పెట్టుడి. చేయి తిరిగినవారికి ఒక సాయంకాలపు పని. ఒక సాయంకాలము చిన్నది కాదు. మన బ్రతుకులోనుండి ఇచ్చినది, తిరిగి రానిది.

అపొస్తలుల కార్యముల 9వ అధ్యాయములో యొప్పేలోని తబితాను గూర్చి మీరు చదివియున్నారు. ఆమె మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు ఆమె కుట్టిన వస్త్రములను పేతురునకు చూపిరి. ఆమె చేసిన ప్రసంగము ఒక్కటియు మనకు వ్రాయబడలేదు. ఆమె చేతిపని మాత్రము వ్రాయబడినది. రాహేలు నిమిత్తము యాకోబు ఏడు సంవత్సరములు పనిచేసిన సంగతియు మీరెరుగుదురు. ప్రేమకు పని అను ఋజువు ఎప్పుడును ఉన్నది. అట్లే, కోత కోసినవారి కూలి బిగబట్టినయెడల అది మొరపెట్టునని యాకోబు పత్రిక హెచ్చరించుచున్నది. లేసు కూలికిని నోరున్నది.

కాబట్టి ఆ వృద్ధ స్త్రీకి నా జవాబు ఇది. అల్లుట తప్పు కాదు, కొనుటయు తప్పు కాదు. అల్లిన చేతిని చూడకపోవుట తప్పు. యౌవనస్థులారా, ఎవరినైనను ప్రేమించుచున్నామని తలంచినయెడల దుకాణమునకు పరుగెత్తకముందు మీ చేతులను అడుగుడి. ఆమె పనిలో, అతని భారములో మీరు ఏ పాలు పంచుకొనగలరో చూడుడి. తలిదండ్రులారా, మీ పిల్లల హృదయములకు కట్నముతో వెల కట్టకుడి. భర్తలారా, మీ ఇంటి అరుగు మీద అల్లుచున్న ఆమెను ఊరికే కూర్చున్నదని అనకుడి. కొనువారలారా, బేరమాడు ముందు ఆ వస్తువునకు ఎన్ని సాయంకాలములు పట్టెనో అడుగుడి.

ఈ జవాబు దొరకిన తరువాత నేను ఆ వృద్ధ స్త్రీ ఇంటికి వెళ్లితిని. ఆమె అరుగు మీద మరియొక బేరపు లేసు అల్లుచుండెను. నేను నేలమీద కూర్చుండి, “మామ్మగారూ, ఆ రోజు నేను చెప్పినది తప్పండి. మీ చేతిపనిని వ్యర్థమన్నాను, క్షమించండి” అంటిని. ఆమె నవ్వి, “పోనీలెండి అయ్యగారూ, మీరు వచ్చారు కదా. ఈ కట్టలో ఎన్ని ఉన్నాయో కాస్త లెక్కపెట్టి చెప్పండి, నా కళ్లు ఆనడం లేదు” అని లేసు కట్టను నా ఒడిలో పెట్టెను. నేను లెక్కపెట్టితిని. తరువాత నేనును సంఘ పెద్దలిద్దరును కలిసి ఆ ఏజెంటుతో మాటలాడితిమి. అతడు వెల పెంచెను గాని కొంచెమే పెంచెను. మరల అడుగుదుము.

మీ సంఘములోనూ అట్టి చేతులున్నవి. ఈ వారము వారి అరుగు మీద కొంతసేపు కూర్చుండుడి.